వరండాలో తెగిన నూలు: పొందూరు ఖాదీ ఫోటో కథనం, ఒక కేస్ స్టడీ

పని ఇది. ఒక తెలుగు మాసపత్రికకు శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖాదీ మీద ఎనిమిది పేజీల ఫోటో కథనం కావాలి. పద్నాలుగు ఫోటోలు అచ్చవుతాయి, వాటిలో ఒకటి ముఖచిత్రం. గడువు నాలుగు రోజులు. వ్యాసం వేరే రచయిత రాస్తారు. సంపాదక వర్గం నుంచి నాకు అందిన కాగితంలో మూడు అంశాలే ఉన్నాయి: చేప దవడ (అక్కడ పత్తి దువ్వేది దాంతోనే), రాట్నం, నవ్వుతున్న ముఖం.

ఇరవై రెండేళ్లుగా విజయనగరంలో ఉంటూ పత్రికలకు ఫోటోలు తీస్తున్నాను. ఈ ఒక్క పని గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం ఇందులో నేను చేసిన రెండు తప్పులు. ఒకటి మొదటి రోజు మధ్యాహ్నానికే తెలిసింది. రెండోది పత్రిక అచ్చయి పాఠకుల చేతికి వెళ్లాక తెలిసింది. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న కుర్రవాళ్లు నన్ను ఎక్కువగా కెమెరాల గురించి, లెన్సుల గురించి అడుగుతారు. ఈ రెండు తప్పులూ కెమెరా వల్ల జరిగినవి కావు.

మా ఊరి అలవాటు ఒకటి ముందుగా చెప్పాలి. విజయనగరంలో కెమెరా పట్టిన ప్రతివాడికీ బడి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవమే. విజయదశమి తర్వాతి మంగళవారం, చింతమాను కొసన కూర్చున్న పూజారి జనసముద్రం మీదుగా గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతారు. మూడు తిరుగుళ్లు, అంటే మూడే అవకాశాలు. ముందే మేడ ఎక్కి చోటు పట్టుకోవాలి, వెలుగు లెక్క చూసుకోవాలి, మాను ఎదురుగా వచ్చిన ఆ కొద్ది క్షణాల్లో పని ముగించాలి. తప్పితే మళ్లీ ఏడాది ఆగాల్సిందే. మా చేతులకు ఆ తొందర అలా అలవాటైపోయింది. పొందూరుకు నేను ఆ చేతులతోనే వెళ్లాను.

విజయనగరంలో పాసింజరు ఎక్కితే చీపురుపల్లి, సిగడాం దాటాక పొందూరు. ఫిబ్రవరి నెలాఖరు. తెల్లవారుజామున పొలాల మీద మంచు ఇంకా ఉంది. నూలు వడికే ఒక అమ్మ ఇంటికి ఎనిమిది గంటలకల్లా చేరాను. అరవై దాటిన మనిషి. పెళ్లికి ముందు నుంచీ వడుకుతున్నారు. రాట్నం లోపలి గదిలో, గోడ వారగా ఉంది. ఒక తలుపు, ఒక చిన్న కిటికీ. కిటికీ మూసి ఉంది. పైన పంకా ఉన్నా తిరగడం లేదు. గదిలో వెలుగు చూసి నాకు దిగులు వేసింది. వరండా మాత్రం తూర్పు ముఖంగా, మెత్తటి ఉదయపు ఎండతో నిండి ఉంది.

"అమ్మా, రాట్నం కాస్త వరండాలోకి తెచ్చుకుంటారా?" అని అడిగాను. ఆమె ఒక్క క్షణం నా ముఖం చూసి, సరేనని లేచారు. రాట్నం నేనే మోసుకొచ్చాను.

వరండాలో ఆమె వడికిన రెండు గంటల్లో నూలు ఎన్నిసార్లు తెగిందో లెక్కపెట్టలేదు. మొదట్లో నాకు ఆ సంగతి పట్టనే లేదు. తెగినప్పుడల్లా ఆమె చక్రం ఆపి, కొస వెతికి, ఏకుకు, అంటే వడకడానికి చుట్టిన దూది చుట్టకు, అతికి, మళ్లీ మొదలుపెడుతున్నారు. ఆ అతికే వేళ్లు కూడా బాగున్నాయని వాటినీ తీశాను. పది దాటాక ఎండ ముదిరి, గాలి పొడిబారింది. అప్పుడు ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని, "బాబూ, ఈ గాలికి నూలు నిలవదు. లోపలికి పోదాం" అన్నారు. విసుగు లేదు ఆ గొంతులో. రెండు గంటలు నా కోసం ఓర్చుకున్న మనిషి చెప్పిన మాట అది.

నూలు ఎందుకు తెగిందో ఆ మధ్యాహ్నం కూర్చుని తెలుసుకున్నాను. పొందూరు సన్న ఖాదీకి వాడే నూలు 100 నుంచి 120 కౌంటు ఉంటుంది. కౌంటు నూలు సన్నదనానికి కొలత, చిలప అంటే చుట్టి కట్టిన నూలు కట్ట. 100 కౌంటు అంటే 840 గజాల చిలపలు నూరు కలిపితే ఒక పౌను బరువు తూగే నూలు. అర కిలో కూడా లేని దూదిలో నుంచి దాదాపు 77 కిలోమీటర్ల దారం తీయాలి, అదీ చేత్తో. అంత సన్నని నూలుకు బలం గాలిలోని తేమ. తేమ తగ్గితే నూలు పెళుసవుతుంది. దానికి తోడు గాలి కదిలితే, సాగుతున్న నూలు ఊగి బలహీనమైన చోట పుటుక్కుమంటుంది. కిటికీ మూయడం, పంకా ఆపడం, రాట్నం లోపలి గోడకు చేర్చడం, ఇవన్నీ ఆమె పని పద్ధతిలో భాగాలు. చీకటి గది అని నేను దిగులుపడిన ఆ గది, ఆ నూలుకు కావలసిన గది.

అంతకంటే బాధ పెట్టిన విషయం మరొకటి ఉంది. ఆమెకు కూలి రోజుకు లెక్క కట్టరు, చిలపకు కడతారు. వరండాలో నేను తీసిన రెండు వందల పైచిలుకు ఫోటోలకు ఖరీదు ఆమె వడకని చిలపలు. సాయంత్రం లేచేముందు, ఈ రోజు పని ఎంత పోయిందని అడిగాను. ఆమె దాపరికం లేకుండా లెక్క చెప్పారు. ఆ డబ్బు ఇచ్చాను, ఆమె లెక్కపెట్టుకుని తీసుకున్నారు. పత్రికకు పంపిన ఖర్చుల పట్టీలో రైలు టికెట్టు, భోజనం కింద "పని నష్టం" అని ఒక వరస రాశాను. అప్పటి నుంచి చేతి పని మీద ఏ కథనం ఒప్పుకున్నా ఆ వరస ముందే చెప్పి ఒప్పుకుంటున్నాను. కొందరు ఇస్తారు, కొందరు ఇవ్వరు. ఇవ్వకపోతే నా పారితోషికంలోంచి పోతుంది.

మొదటి రోజు ఫోటోలన్నీ పక్కన పెట్టేశాను. వెలుగు బాగుంది, రంగులు బాగున్నాయి, కానీ అందులో ఉన్నది ఆమె పని కాదు.

రెండో రోజు లోపలి గదిలోనే. ఇక్కడ కొంత సాంకేతిక విషయం చెప్పాలి, ఇలాంటి గదుల్లో తీయబోయేవారికి పనికొస్తుంది. ట్యూబులైటు వేస్తే ఫోటోలో అడ్డ చారలు పడ్డాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి లైటు సెకనుకు వందసార్లు మిణుకుతుంది. షట్టర్ వేగం సెకనులో 1/100 లేదా 1/50 వంతు పెడితే చారలు పోతాయి, కానీ ఆ వెలుగు తెల్ల దూదిని పచ్చగా పాలిపోయినట్టు చూపిస్తుంది. లైటు ఆర్పించాను. ఫ్లాష్ వాడలేదు, కళ్లు చెదిరితే చేతి లయ తప్పుతుంది. తలుపు ఒక రెక్క మాత్రం తీసి ఉంచాం, అది గాలి వచ్చే వైపు కాదు. తలుపుకు ఎదురుగా, ఆమెకు ఎడమ పక్కన, ఊళ్లోని స్టూడియోలో అడిగి తెచ్చిన తెల్ల థర్మోకోల్ అట్ట నిలబెట్టాను. తలుపులోంచి వచ్చే వెలుగు దాని మీద పడి ఆమె ముఖం మీదికి మెల్లగా తిరిగి వచ్చింది. 35 మిల్లీమీటర్ల లెన్సు, ఎపర్చర్ 2, ఐఎస్ఓ 1600. అంతే సరంజామా.

దూది దగ్గర కెమెరా మీటరు మోసం చేస్తుంది. మీటరు దేన్ని చూసినా నడిమి బూడిద రంగు అనుకుని లెక్క వేస్తుంది. ఎదురుగా తెల్ల దూది, తెల్ల చీర ఉంటే వాటినీ బూడిద రంగులోకి లాగేస్తుంది. అందుకని వెలుగును ఒక స్టాపు (అంటే రెట్టింపు), ఒక్కోసారి ఇంకాస్త, పైకి పెట్టాను. మరీ పెంచితే దూదిలోని పోగులు కలిసిపోయి తెల్ల మరక అవుతుంది. హిస్టోగ్రామ్, అంటే ఫోటోలోని వెలుగునీడలను చూపే గ్రాఫు, కుడి అంచుకు తగలకుండా, దాని పక్కదాకా వెళ్లి ఆగాలి. అచ్చులో ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం. మరీ లేత సిరా చుక్కలు ప్రెస్సులో నిలవవు, అక్కడ వట్టి కాగితమే మిగులుతుంది. ముఖచిత్రం ఫైలులో అతి తెల్లని చోట కూడా కనీసం ఐదు శాతం చుక్క ఉండేలా చూసి పంపాను.

ఆ ఇంట్లో లెన్సు మార్చడం కుదరదు. గాలిలో కంటికి కనిపించని దూది నలుసులు తేలుతుంటాయి, లెన్సు విప్పిన క్షణంలో సెన్సారు మీద వాలతాయి. రెండు కెమెరాలు తీసుకెళ్లి, ఒకదానికి బాగా దగ్గరి ఫోటోలు తీసే మాక్రో లెన్సు, ఒకదానికి 35 బిగించి, రాత్రి బసకు వచ్చాకే విప్పాను.

వెలుగు కుదిరాక, ఆమె పనిని చూడడం మొదలుపెట్టాను. కెమెరా పక్కన పెట్టి గంటసేపు చూశాను. 24 ఆకుల రాట్నం (ఆకులంటే చక్రపు ఊచలు), ఒకటే కదురు, అంటే నూలు చుట్టుకునే పుల్ల. కుడి చేయి చక్రం తిప్పుతుంది. ఏకు పట్టిన ఎడమ చేయి కదురుకు దూరంగా, వెనక్కీ పైకీ సాగుతుంది. వేళ్ల మధ్య దూది కరిగి నూలవుతూ వెళ్తుంది. చేయి పూర్తిగా సాగాక ఒక క్షణం నిలుస్తుంది. నూలుకు చివరి మెలిక పడేది అక్కడే. తర్వాత చక్రం కొద్దిగా వెనక్కి తిరుగుతుంది, చేయి దిగుతుంది, సాగిన నూలంతా కదురుకు చుట్టుకుంటుంది. మళ్లీ మొదలు.

ఆ నిలిచే క్షణం నాకు తాళంచెవి. అప్పుడు చక్రం ఇంకా తిరుగుతోంది, చేయి మాత్రం కదలదు. షట్టర్ 1/15 పెట్టి ఆ క్షణంలో నొక్కితే చక్రం పొగలా, చేయి రాయిలా వస్తాయి. ఏమీ అడగక్కర లేదు, ఆపించక్కర లేదు. ఎపర్చర్ బిగించి, కెమెరాను ఇసుక సంచి మీద పెట్టి, ఆమె ఊపిరితో పాటు నా ఊపిరీ కలిసేదాకా కూర్చున్నాను. సిరిమాను క్షణం ఏడాదికి మూడుసార్లు వస్తుంది. ఈ క్షణం కొన్ని సెకన్లకోసారి, పొద్దస్తమానం వస్తూనే ఉంటుంది. పట్టుకోవడం కష్టమేమీ కాదు. వాటిలో ఏది ఎంచుకోవాలన్నదే ప్రశ్న. ఆ ప్రశ్న దగ్గర నేను రెండోసారి తప్పాను, అది తర్వాత చెబుతాను.

మూడో రోజు చేప దవడ. పొందూరు వెళ్లిన ప్రతి ఫోటోగ్రాఫరూ తీసే ఫోటో ఇదే, కానీ చాలా ఫోటోల్లో దవడను చేత్తో ఎత్తి చూపించడమే ఉంటుంది. పని చేస్తున్న దవడ కనిపించదు. ఆ చేప వాలుగ. పెద్ద మంచినీటి చేప, చిన్న చేపలను వేటాడి తింటుంది. దాని దవడ ముక్క అరచేతిలో ఇమిడిపోతుంది. ఎండి తేనె రంగుకు తిరిగి, చేతి రాపిడికి అంచు నున్నబడింది. దాని మీద సూదిమొనల్లాంటి పళ్లు, ఒక వరస కాదు, దట్టంగా పట్టీలా ఉంటాయి. అన్నీ లోపలికి వాలి ఉంటాయి. నోట చిక్కిన చేప జారిపోకుండా ఉండడానికి ఏర్పడిన పళ్లు అవి. గింజతో ఉన్న కొండపత్తిని ఎడమ చేతి వేళ్లతో పట్టుకుని, ఆ పళ్ల మీదుగా మెల్లగా లాగుతారు. ఆకు పొడి, చెత్త పళ్లలో ఉండిపోతాయి. పోగులు మాత్రం ఒకే దిక్కుకు తిరిగి, గింజ చుట్టూ తెల్లని వెంట్రుకల కుచ్చులా విచ్చుకుంటాయి. ఇనప దువ్వెన వాడకూడదా అని అడిగితే, "ఇనుము పోగును తెంపుతుంది బాబూ, ఇది విడదీస్తుంది" అన్నారు పక్కింటి అమ్మ.

మాక్రో లెన్సుతో అంత దగ్గరగా వెళ్లినప్పుడు స్పష్టంగా వచ్చేది రెండు మూడు మిల్లీమీటర్ల మేరే. పళ్లు స్పష్టంగా ఉంటే పోగులు మసకబారతాయి, పోగులు స్పష్టమైతే పళ్లు కరిగిపోతాయి. దవడ అంచు కెమెరాకు సరిగ్గా సమాంతరంగా ఉన్నప్పుడు రెండూ ఒకే తలంలోకి వస్తాయి. అది ఆమె చేతి తిప్పులో ఎప్పుడో ఒకసారి, తనంతట తాను జరుగుతుంది. చేయి ఇటు తిప్పమని అడగలేదు. ఆ ఒక్క ఫోటోకు ఒక పూట పట్టింది. ముఖచిత్రం అదే అయింది. డెస్కులో ఎవరో దాని కింద "చేప ముల్లుతో" అని రాశారు. ప్రూఫు నా దాకా రావడం వల్ల "దవడతో" అని దిద్దించగలిగాను. ప్రూఫు అడిగి చూడడం ఫోటోగ్రాఫరు పని కాదని అనేవాళ్లు ఉన్నారు. నా పేరుతో వెళ్లే ఫోటో కింద తప్పు ఉంటే ఆ తప్పు నాది కూడా.

గింజ తీయడం, దూది ఏకడం, ఏకులు చుట్టడం ఆ మధ్యాహ్నమే పూర్తయ్యాయి. ఏకులను వడికేటప్పుడు చేతి చెమట తగలకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకుంటారు. ఆ దొప్ప ముదురు గోధుమ రంగులో ఉంటుంది కాబట్టి తెల్ల దూదికి మంచి నేపథ్యం. నాలుగో రోజు మగ్గం దగ్గర గడిపాను, కానీ అది విడిగా మరో కథనం కావలసిన విషయం. నాకు దక్కిన రెండు ఫోటోలు పనికొచ్చేవే తప్ప గొప్పవి కావు.

ఇక రెండో తప్పు.

కథనం మధ్యలో రెండు పేజీలు కలిపి ఒకే ఫోటో వేశారు. రాట్నం పొగలా తిరుగుతూ, ఆమె ఎడమ చేయి నిండా సాగి, మూసి ఉన్న తలుపు రెక్క చీకటి మీద నూలు వెండి తీగలా మెరుస్తూ ఉన్న ఫోటో. రెండో రోజు తీసిన 212 ఫ్రేముల్లో అది మేలైనదని నాకు ఏ సందేహమూ లేదు. సంపాదకుడికీ లేదు. పత్రిక వచ్చిన వారానికి రెండు ప్రతులు, పెద్ద సైజు ప్రింటు ఒకటి పట్టుకుని పొందూరు వెళ్లాను.

ఆమె ప్రింటును తలుపు దగ్గరికి తీసుకెళ్లి చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత నూలు మీద వేలు పెట్టి, "ఇక్కడ సన్నబడింది, ఇక్కడ బుడిపె కట్టింది. ఇది ఆ తర్వాత తెగి ఉండాలే" అన్నారు. కాస్త ఆగి, "ఇది చూసినవాళ్లు నా నూలు ఇలాగే ఉంటుందనుకుంటారు కదా బాబూ" అన్నారు.

ఆ మాటలో ఎంత బరువుందో ఆ ఊరి సంగతి తెలిసినవారికి అర్థమవుతుంది. పొందూరు నూలు పేరు స్వాతంత్ర్యోద్యమ కాలంలోనే గాంధీజీ దాకా వెళ్లింది. వడికేవారి కోసం ఆ ఊళ్లో 1949 నుంచే సంఘం ఉంది. చిలప తీసుకునే చోట నూలు నాణ్యత చూసే తీసుకుంటారు. ఎవరి నూలు ఎలాంటిదో ఒకరిది ఒకరికి తెలుసు. నలభై ఏళ్లకు పైగా ఆమె నిలబెట్టుకున్న పేరు అది. నేను ఆమె పడిన ఒక తడబాటును రెండు పేజీల మేర పరిచి, ఊరందరి చేతుల్లో పెట్టాను.

ఆ రాత్రి ఇంటికి వచ్చి ఫైళ్లు తీశాను. అచ్చయిన ఫ్రేము తర్వాత మూడో ఫ్రేములో నూలు లేదు. ఆమె వేళ్లు కదురు దగ్గర కొస వెతుకుతున్నాయి. ఆమె అన్నది అక్షరాలా నిజం. మరి 212 ఫ్రేముల్లో నేను సరిగ్గా దాన్నే ఎందుకు ఎంచుకున్నాను? మిగతావి పక్కన పెట్టుకుని, పెద్దవి చేసి చూస్తే కారణం తెలిసింది. బుడిపె కట్టిన చోట నూలు లావుగా ఉంటుంది, అక్కడ వెలుగు ఎక్కువగా పట్టుకుంటుంది. అందుకే అది కనిపించింది. మంచి నూలు, సమంగా సాగిన నూలు, కెమెరాకు దాదాపు కనిపించదు. వెలుగు కోసం, మెరుపు కోసం వెతికే నా కన్ను చెడ్డ నూలునే ఏరి పెట్టింది. ఇంకో ఐదు ఫ్రేములను నేను "నూలు కనిపించడం లేదు" అని కొట్టేసి ఉన్నాను. బహుశా అవే ఆమె మంచి పని.

పత్రికకు ఉత్తరం రాసి, తర్వాతి సంచికలో ఒక చిన్న వివరణ వేయమని అడిగాను. నూలు బాగోగులు పాఠకులకు తెలియవు కాబట్టి అవసరం లేదని జవాబు వచ్చింది. వేసి ఉండాల్సిందని ఇప్పటికీ నా అభిప్రాయం. పాఠకుల్లో తెలిసినవాళ్లు ఉన్నారు. వాళ్లు పొందూరులో ఉన్నారు.

అప్పటి నుంచి నా పద్ధతిలో ఒక మెట్టు పెరిగింది. చేతి పని మీద తీసిన ఫోటోలను ఎంపిక చేశాక, పత్రికకు పంపేముందు, ఆ పని చేసినవారికి చూపిస్తాను. వారి ముఖం ఎలా ఉందని అడగను, పని ఎలా ఉందని అడుగుతాను. ఆ తర్వాత బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణల మీద తీసినప్పుడు ఇలాగే చేశాను. ఒకే పనస దుంగలో తొలిచిన ఏకాండి వీణ కుండ మీద ఉలి దిగుతున్న ఫోటో చూసి, ఆ వీణ చేసే పెద్దాయన తల అడ్డంగా ఊపారు. ఉలి ఆ కోణంలో ఉంటే చెక్క పెచ్చు లేస్తుందట. తనకు కెమెరా ఉందన్న ధ్యాసతో ఆ ఒక్క దెబ్బ అలా పడిందన్నారు. తీసేశాను. ఈ మెట్టు వల్ల ఒక రోజు ఎక్కువ పడుతుంది. గడువు అడిగేటప్పుడే ఆ రోజు కలిపి అడుగుతాను. రాజకీయ సభకో ప్రమాద స్థలానికో ఇది వర్తించదు. అక్కడ ఫోటోలో ఉన్నవారికి ఎంపిక హక్కు ఇవ్వకూడదు కూడా. చేతి పని దగ్గర మాత్రం, ఏది పని, ఏది పొరపాటు అన్నది వారికే తెలుసు.

మళ్లీ పొందూరు వెళ్లినప్పుడు ల్యాప్‌టాప్ తీసుకెళ్లాను. ఆమె వడకడం ముగించి, చిలపలు కట్టి పక్కన పెట్టాకే తెరిచాను. 212 ఫ్రేములూ ఒక్కొక్కటిగా చూశారు. కళ్లజోడు రెండుసార్లు తుడుచుకున్నారు. నూట ముప్పైలలో ఎక్కడో ఒకచోట వేలెత్తి ఆపారు. అది నేను కొట్టేసిన ఐదింటిలో ఒకటి. ముఖం సగం నీడలో ఉంది, నవ్వు లేదు. చేయి నిండా సాగి ఉంది. నూలు ఆ మూసిన తలుపు రెక్క చీకటి మీద మూడు చోట్ల మాత్రమే, వెంట్రుక వాసిలో కనిపిస్తుంది. కదురు నుంచి వేళ్ల దాకా చూస్తే ఎక్కడా సన్నబడలేదు, ఎక్కడా లావెక్కలేదు.

"ఇది," అన్నారు.

పన్నెండు పద్దెనిమిది అంగుళాల సైజులో ప్రింటు వేయించి ఇచ్చాను. అప్పటి నుంచి పొందూరు ఫోటో కావాలని ఎవరు అడిగినా నేను పంపేది ఆ ఫ్రేమునే.